పెండ్లిపందిరి వెనుక

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని తెలుగువారిలో ఒక సామెత కలదు. రెండును కష్టమైన పనులే యని దాని భావము. కాని ఆ రెండింటికిని ఒక భేదమున్నది. ఇల్లు కట్టువాడు ఇటుక దొరకనినాడు పని నాపి వారము దినములు వేచియుండవచ్చును. పెండ్లి చేయువానికి ఆ వెసులుబాటు లేదు. రాత్రి 2 గంటల 17 నిమిషములకు ముహూర్తమని శుభలేఖలో అచ్చయిన పిమ్మట, ఆ నిమిషమునకు వధూవరులు ఒకరి శిరస్సుపై నొకరు జీలకఱ్ఱ బెల్లము ఉంచవలసినదే. పూలబండి దారిలో ఆగిపోయినదనియు, దీపము లారిపోయినవనియు చెప్పిన వినువారుండరు.

పూర్వము పల్లెలలో ఈ భారమును బంధువులును ఇరుగుపొరుగువారును పంచుకొనెడివారు. పందిరికి తాటాకులు ఒకరు తెచ్చెడివారు. కూరలు తరుగుటకు వీధిలోని స్త్రీలు కత్తిపీటలతో వచ్చెడివారు. వడ్డనకు పడుచువారు నడుములు బిగించెడివారు. వీరందఱిపైనను పెత్తనము చేయు అనుభవశాలి యొకడు ప్రతి యూరను ఉండెడివాడు. అతనికి జీతము లేదు. అతని మాటకు ఎదురును లేదు. కాలక్రమమున కుటుంబములు ఉద్యోగములకై చెదరిపోయినవి. వధువు తల్లిదండ్రులు హైదరాబాదునను, వరుని తల్లిదండ్రులు విశాఖపట్టణమునను, వరుడు అమెరికాలోను ఉన్నప్పుడు కత్తిపీట పట్టుకొని వచ్చు పొరుగువారెవరు? ఆ లోటును పూరించుటకు ఒక క్రొత్త వృత్తి పుట్టినది. దానిని చేయువారిని నేడు వెడ్డింగు ప్లానరులని పిలుచుచున్నారు. పెండ్లి నిర్వాహకుడన్నను సరిపోవును.

రాజమహేంద్రవరమున అట్టి నిర్వాహకుడొకడు పని నారంభించెననుకొందము. సమీపముననే కడియము కలదు. అది పూలకు పేరుపొందినది. రావులపాలెము అరటికి పేరుపొందినది. బంతిపూలు, అరటిబోదెలు, విస్తళ్ళకు ఆకులు అన్నియు చేరువలో నుండగా కష్టమేమని అతడు తలచును. మొదటి సంవత్సరము గడవకమునుపే ఆ తలంపు మారును.

దానికి కారణము పంచాంగము. ఆషాఢ, భాద్రపద, పుష్య మాసములలో తెలుగువారు సాధారణముగా పెండ్లిండ్లు చేయరు. గురుమూఢము గాని శుక్రమూఢము గాని వచ్చెనా, మంచి మాసములలోను ముహూర్తము లుండవు. మాఘ, ఫాల్గుణ, వైశాఖ, జ్యేష్ఠ, శ్రావణ మాసములలో మిగిలిన కొన్ని దినములపై ఊరంతయు ఒక్కసారిగా పడును. ఆ రాత్రులలో నాదస్వరము వారు దొరకరు, వంటవారు దొరకరు, పూల ధర ఉదయమొకటి, సాయంకాల మొకటి. తరువాత రెండు నెలలు పందిరిగుంజలు కొట్టులో పడియుండును. మాఘములో వచ్చిన ధనమంతయు లాభమేయని వ్యయము చేసినవాడు ఆషాఢములో అప్పునకు పోవును. అంతకంటె పెద్ద పొరపాటు మఱియొకటి కలదు. ఒకే ముహూర్తమునకు రెండిండ్లవారు వచ్చి అడిగినప్పుడు రెండింటికిని తలయూపుట యది. మనుష్యుడు ఒక పందిరిలో నిలిచి, రెండవ పందిరికి మనుష్యులను పంపవచ్చును. కాని జనరేటరు ఆగిపోయినపుడు డీజిలు ఎచ్చటనున్నదో తెలిసినవాడు ఆ మొదటి పందిరిలోనే యుండును.

ఇక భోజనముల లెక్క. ఈ వృత్తిలో సగము విద్య దీనిలోనే యున్నది.

"ఎంతమంది రావచ్చునండీ?" అని నిర్వాహకుడడుగును.

"పదునైదువందలని వ్రాసికొనండి. ఆకు వేసిన తరువాత అన్నము లేదనిపించుకొనరాదు" అని వధువు తండ్రి చెప్పును.

అనుభవము లేనివాడు అట్లే వ్రాసికొనును. అనుభవము కలవాడు శుభలేఖలెన్ని అచ్చువేయించితిరని అడుగును. అయిదువందలు అని జవాబు వచ్చును. వానిలో దూరప్రాంతములకు పోవునవి రెండువందలు. ఆ రెండువందలలో నాలుగింట ఒక యింటివారు, ఇంటికిద్దఱు చొప్పున వచ్చినను నూరుమంది. ఊరిలోని మూడువందల యిండ్లనుండి ఇంటికి ఇద్దఱు ముగ్గురు వచ్చినచో సుమారు ఏడువందల యేబదిమంది. మొత్తము ఎనిమిదివందల యేబది. నూరుగురికి 12 కిలోల బియ్యము చొప్పున పదునైదువందలకు 180 కిలోలు కావలెను. ఎనిమిదివందల యేబదికి 102 కిలోలు చాలును. నడుమ నున్న 78 కిలోల బియ్యమును వండినచో అది ఎవరికిని దక్కక పాచిపోవును.

అట్లని తండ్రి భయము పిచ్చిభయము కాదు. ఆఖరి పంక్తిలో పులిహోర తక్కువపడెనన్న మాట ఆ యింటిపై ఇరువదియేండ్లు నిలుచును. కావున మంచి నిర్వాహకుడు మఱియొక రెండువందలమందికి చాలినంత సరకు తెచ్చియుంచును గాని వండింపడు. ఎసరు మాత్రము కాగుచుండును. మూడవ పంక్తి లేచుసరికి జనము నంచనా వేసి బియ్యము పోయించును. బియ్యము మిగిలినచో అంగడికి తిరిగి పోవును; అన్నము తిరిగి బియ్యము కాదు. ఎన్ని ఆకులు లేచినవన్న వాదము తెల్లవారి రాకుండుటకు ఇరుపక్షముల నుండియు ఒక్కొక్కరిని లెక్కకు నిలుపుటయు అతడు రెండవ యేడాది నేర్చుకొనును. మొదటి యేడాది ఆ వాదములో కొంత సొమ్ము పోగొట్టుకొని యుండును.

అన్నింటికంటె కష్టమైనది ధనమును గూర్చిన సంభాషణ. తమ్ముని కూతురి పెండ్లిలో పూలమండపము వేసిరనియు, తన కూతురి పెండ్లిలో దానికి తగ్గరాదనియు తండ్రి పట్టుపట్టును. అందుకై అరయెకరము కొబ్బరితోటను తాకట్టు పెట్ట నెంచియుండును. ఈ విషయము నిర్వాహకునికి తెలియును. అతని కూలి ఖర్చులో నూటికింత యని ఏర్పాటైనపుడు, తండ్రి ఎంత ఎక్కువ ఖర్చుచేసిన అతనికి అంత లాభము. ఊరకుండుట సులభము. కాని అతడు ఒక కాగితముపై పద్దులన్నియు విడివిడిగా వ్రాసి తండ్రి ముందుంచును. పూలమండపమునకు రెండు లక్షల రూపాయలు. అది నిలుచునది ఆఱు గంటలు.

తండ్రి ఆ కాగితము వంక చూచి మాటలాడడు. తలుపు ప్రక్కనుండి తల్లి, "తెల్లవారుసరికి వాడిపోవు పూలకు తోట పోవలెనా? బంతిపూలు, మామిడితోరణములు చాలవా బాబూ?" అని అడుగును. చాలునమ్మా యని నిర్వాహకుడు చెప్పును. ఇట్లు చెప్పినందులకు అతనికి ప్రతిఫలము తప్పక దొరకునని తలచరాదు. ఆ తండ్రి కోపగించి, తన మాటకు తలయూపు మఱియొక నిర్వాహకుని వెదకికొని పోవుటయు కలదు.

పందిరిని గూర్చి చెప్పునపుడు 2004వ సంవత్సరము జనవరి 23వ తేదీని మఱువరాదు. ఆ దినమున తమిళనాడులోని శ్రీరంగమున ఒక కల్యాణమండపములో పెండ్లి జరుగుచుండగా, విద్యుత్తు తీగెవలన పుట్టిన నిప్పు పందిరికప్పునకు అంటుకొన్నది. పెండ్లికుమారునితో సహా 50 మందికి పైగా మరణించిరి. పెండ్లిపందిరిలో మండుటకు సిద్ధముగా నుండనిది ఏదియు లేదు. ఆకులు, గుడ్డలు, నేయి, హోమాగ్ని, పైన అతుకులు వేసిన దీపముల తీగెలు. అందుచే తీగెల అతుకులను స్వయముగా చూచుట, ఇసుక బకెట్లు ఉంచుట, బయటికి పోవు రెండవ ద్వారమును కుర్చీలతో మూసివేయకుండుట నిర్వాహకుని పనులు. అతిథులలో ఒక్కరును వీనిని గమనింపరు. వేదికపై పూలదండ వంకరగా నున్న మాత్రము అందఱును గమనింతురు.

ఏ ధరకును ఒప్పుకొనరాని పెండ్లి యొకటి కలదు. 2006వ సంవత్సరపు బాల్యవివాహ నిషేధ చట్టమును బట్టి వధువునకు 18 సంవత్సరములు, వరునికి 21 సంవత్సరములు నిండియుండవలెను. బాల్యవివాహమును జరిపించువారును, దానికి తోడ్పడువారును శిక్షార్హులు. రెండు సంవత్సరముల వఱకు కఠిన కారాగారము, లక్ష రూపాయల వఱకు జరిమానా విధింపవచ్చును. పందిరి వేయుట మాత్రమే నా పని యని తప్పించుకొన జూచుట ప్రమాదము. కావున నిర్వాహకుడు బయానా పుచ్చుకొనకమునుపే వధూవరుల పుట్టినతేదీ పత్రములు అడుగును. కొందఱు దీనిని అవమానముగా తలంతురు.

"పత్రములు ఊరిలో ఉన్నవి. పిల్ల పొడగరి, మీరే చూడవచ్చును" అని యొకరు చెప్పుదురు. పిల్ల లోపలి గదిలో తొమ్మిదవ తరగతి లెక్కల పుస్తకము ముందు పెట్టుకొని కూర్చుండియుండును.

అచ్చట నిర్వాహకుడు లేచి వచ్చివేయుట చాలదు. మఱియొకడు వచ్చి పందిరి వేయును. పిల్లల రక్షణకై దేశమంతట పనిచేయు 1098 అను ఫోను సంఖ్య కలదు. ఎవరైనను ఏ వేళనైనను ఆ సంఖ్యకు ఫోను చేయవచ్చును. వీధిమలుపు దాటిన పిమ్మట అతడు ఆ సంఖ్యకు ఫోను చేయును. రాజమహేంద్రవరములోనే 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగము మొదటి వితంతు వివాహమును జరిపించెను. పసితనముననే పెండ్లియై, పసితనముననే భర్తను గోల్పోయిన బాలికలు ఆ కాలమున ఎందఱో యుండిరి. ఆ ఊరిలో ఈ వృత్తి చేయువానికి ఈ సంగతి తెలిసియుండుట మంచిది.

2020వ సంవత్సరమున కరోనా వ్యాధి ప్రబలినపుడు పెండ్లికి 50 మందికి మించి రాగూడదని కేంద్రప్రభుత్వము నియమము పెట్టినది. వేయిమందికి కుదిరిన పెండ్లిండ్లు ఇంటి వసారాలలో జరిగినవి. బయానాలను అంతకుముందే ఖర్చు చేసికొన్నవారు తిరిగి ఈయలేక తలదాచుకొనిరి. వానిని వేఱుగా దాచియుంచినవారు, కొంత ఆలస్యముగా నైనను, తిరిగి ఈయగలిగిరి.

పెండ్లిరాత్రి గడచి తెల్లవారును. అప్పగింతల వేళ అందఱి కన్నులును వధువుపై నుండును. తండ్రి ఆమె చేతులను పాలలో ముంచి అత్తగారికి అప్పగించును. నిర్వాహకుడు పెరటిలో గంగాళములను, గరిటెలను లెక్కించుచుండును. మిగిలిన వంటకములు ఎండ ముదరకమునుపే వృద్ధుల ఆశ్రమమునకు పోవలెను. వంట పెద్ద డబ్బుకొఱకు ముందుగా వచ్చి నిలుచును. కాని నిర్వాహకుడు మొదట అంట్లు తోమిన స్త్రీలకు కూలి యిచ్చును. వారికి ఇంకొక యింటిలో పని కలదు. లెక్క ముగియును. ఒక గరిటె తగ్గును. మండపము తాళములు తిరిగి ఇచ్చి అతడు వీధిలోనికి వచ్చుసరికి, ఎదుటివైపున లారీనుండి రాత్రి ముహూర్తమునకు అరటిబోదెలు దింపుచుందురు.