అడగడం నీ హక్కు

పాపా,

పెళ్లి కుదిరింది. చీరలూ మండపమూ భోజనాల లెక్కలూ మేం చూసుకుంటాం. మన ఇళ్లలో ఎవరూ నోరెత్తని సంగతొకటి ఉంది, అది నేను రాస్తున్నా. పడకలో నీ సుఖం నీ మొగుడు దయతలిచి ఇచ్చేది కాదు. ఇష్టమైంది అడగడం, నొప్పైతే ఆపమనడం, వద్దనిపిస్తే వద్దనడం, కావాలనిపిస్తే ముందుగా నువ్వే దగ్గరికి పోవడం, ఇవన్నీ నీ చేతిలో ఉండాలి.

ఆడదాని ఒంటి గురించి మన ఊళ్లలో మాటలకు కొదవ లేదు. నెల తప్పిందా, ఎన్నో కాన్పు, ఆపరేషన్ ఎప్పుడు అని అందరూ అడిగేవాళ్లే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నారు. మగవాళ్ల ఆపరేషన్లు ఒక్క శాతం కూడా లేవు. కనడమూ ఆమె ఒంటి మీదే, ఆపడమూ ఆమె ఒంటి మీదే. ఆ ఒంటికి సుఖం అందిందా అని మాత్రం అడిగే దిక్కు లేదు. చాలామంది ఆడవాళ్లకు ఒట్టి సంభోగంతో తృప్తి కలగదు, యోని ద్వారానికి పైన ఉండే క్లిటోరిస్‌కు స్పర్శ కావాలి. ఇది తెలియని మగవాణ్ణి చెడ్డవాడనలేం, అతనికీ ఎవరూ చెప్పలేదు. నువ్వు చెప్పు.

ఇదంతా బయటినుంచి వచ్చిన పోకడ అంటారు. కానీ 18వ శతాబ్దంలోనే తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని అనే కవయిత్రి ‘రాధికా సాంత్వనము’ రాసింది. అందులో రాధ తన కోరికను దాచుకోదు. 1910లో గాయని బెంగళూరు నాగరత్నమ్మ దాన్ని అచ్చువేస్తే మరుసటేడే తెల్లదొరల ప్రభుత్వం నిషేధించింది. 1947లో గానీ ఆ నిషేధం తొలగలేదు. శృంగారం రాసిన మగకవులను మెచ్చుకున్న పెద్దలకే ఆడకవి రాస్తే తప్పనిపించింది. కాబట్టి సిగ్గు అనేది పాత ఆచారమని నేను ఒప్పుకోను.

కరువు సీమలో ఇదొక విలాసమా అనేవాళ్లూ ఉన్నారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే చోట పంట పోతే మొగుడు బెంగళూరు పనికి పోతాడు, పండక్కి వస్తాడు. పొద్దంతా చెనిక్కాయ చేలో కలుపు తీసి వచ్చిన ఆమె ఆ రాత్రికి సిద్ధంగా ఉండాలంటారు. తన సుఖం గురించి అడగాల్సిన అవసరం అందరికన్నా ఆమెకే ఎక్కువ. పైగా 18 నిండిన భార్యను భర్త బలవంతం చేస్తే ఈనాటి చట్టం కూడా దాన్ని అత్యాచారమనదు. అందుకే నీ కాదు అనే మాటకు నీ ఇంట్లోనే విలువ ఉండాలి.

పెళ్లికి ముందే అతనితో కూర్చుని మాట్లాడు. పిల్లలెప్పుడు, గర్భం రాకుండా ఎవరు ఏం వాడాలి, మొదటి రాత్రి తొందరేమీ లేదు అని. అతను కోప్పడితే ఆ సంగతి నాకు రాయి, ముహూర్తం దాటకముందే.

మీ చిన్నమ్మ