తప్పయితే పట్టుబడే మాటే శాస్త్రం



పరీక్షల కాలంలో జ్ఞాపకశక్తి పెంచుతామనే టానిక్కులు మన ఇళ్లలోకి వస్తుంటాయి. మార్కులు బాగా వస్తే అది టానిక్ మహిమ. రాకపోతే పిల్లవాడు శ్రద్ధగా తాగలేదంటారు! ఎటు తిరిగినా గెలుపు టానిక్‌దే. ఎన్నటికీ ఓడిపోని ఇటువంటి మాట శాస్త్రం కాదు.

"ఏది జరిగితే నా మాట తప్పు?" అన్న ప్రశ్నకు శాస్త్ర సిద్ధాంతం ముందుగానే జవాబు చెప్పగలగాలని తత్త్వవేత్త కార్ల్ పాపర్ 1934లో వెలువడిన తన గ్రంథంలో వాదించారు. ఈ లక్షణమే ఖండనీయత. ఖండనీయం అంటే తప్పు అని కాదు, తప్పయితే పట్టుబడగలదని అర్థం.

మరి లెక్క ఒకసారి తప్పగానే సిద్ధాంతాన్ని పారవేయాలా? రెండు గ్రహాల కథ చూడండి.

న్యూటన్ సూత్రాల ప్రకారం వేసిన దారిలో యురేనస్ సరిగా నడవటం లేదు. తెలియని గ్రహం ఒకటి దానిని లాగుతున్నదని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లవెరియే ఊహించి, అది ఎక్కడ ఉండాలో లెక్కకట్టారు. 1846 సెప్టెంబరు 23న బెర్లిన్‌లో గాలే దూరదర్శినితో వెతకగా, చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపే నెప్ట్యూన్ దొరికింది.

బుధగ్రహం నడకలోనూ తేడా ఉందని 1859లో లవెరియే చూపారు. సూర్యుడికి దగ్గరలో మరో గ్రహం ఉండవచ్చన్నారు. దానికి వల్కన్ అని పేరు కూడా పెట్టారు. గ్రహణాల వేళ వెతికారు. చూశామన్నవారు ఉన్నా, ఏదీ ధ్రువపడలేదు. చివరకు శతాబ్దానికి సుమారు 43 ఆర్క్ సెకన్ల ఆ తేడాను 1915లో ఐన్‌స్టీన్ సిద్ధాంతం కొత్త గ్రహమేదీ లేకుండానే వివరించింది. న్యూటన్ సూత్రాల హద్దు అక్కడ బయటపడింది.

లవెరియే ఊహలు రెండూ వెతికి తేల్చుకోదగినవే. ఒకటి నెగ్గింది, ఒకటి ఓడింది. "వల్కన్ ఉంది, కాని ఏ విధంగానూ కనబడదు" అని ఉంటే అది టానిక్ మాటే అయ్యేది.

తల్లిదండ్రులకు మనవి: సీసా కొనే ముందు "ఏ ఫలితం వస్తే ఇది పనిచేయనట్టు?" అని అడగండి. పిల్లలు మిమ్మల్ని అదే ప్రశ్న అడిగితే కసురుకోకండి.

అభ్యాసం: వీటిలో ఏది ఖండనీయం? ఎందుకు?
1. రేపు మన ఊళ్లో వాన పడుతుంది.
2. రేపు వాన పడవచ్చు, పడకపోవచ్చు.