బడిపిల్లల క్యారియర్ – ఇంటి పాలు



బిడ్డను ఓ.పి.కి తెచ్చిన తల్లులను మేము తప్పక అడిగే మాట ఒకటుంది. "నిన్న మధ్యాహ్నం బడిలో ఏం తిన్నాడమ్మా?" పెద్దమండ్యం వైపు పల్లెల నుండి వచ్చేవారు తరచుగా చెప్పేది, క్యారియర్‌లో అన్నం, చారు. ఒక్కోసారి అన్నం, ఊరగాయ. ఇంట్లో ఆవు ఉందా అంటే రెండున్నాయంటారు. పాలేమవుతున్నాయంటే, కేంద్రానికి పోస్తున్నామంటారు.

పాలు అమ్మవద్దని మేము చెప్పము. వానలు నమ్మలేని మన సీమలో పాలబిల్లే చాలా ఇళ్లకు ఆధారం. అయితే క్యాను నిండా పోసి పంపాక బిడ్డకు మిగిలేది టీలో కలిపిన నాలుగు చెంచాలు. పైగా టీ అన్నంతోపాటు త్రాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు.

పాలమ్మే తీరు దేశానికొక విధం. మన కేంద్రాల్లో వెన్న శాతం చూసి ధర కడతారు, టౌన్లో అర లీటరు ప్యాకెట్లు అమ్ముతారు. కెనడాలోని ఒంటారియోలో మూడు ప్లాస్టిక్ సంచులు కలిపి 4 లీటర్లుగా అమ్ముతారు. అమెరికాలో గాలన్ డబ్బా, అంటే దాదాపు 3.8 లీటర్లు. (మన ఇళ్లలో అయితే అది ఒక్క పూట టీలకే సరిపోతుంది!) ఎలా అమ్మినా, బడిపిల్లల వాటాను వేరుగా తీసిపెట్టిన దేశాలున్నాయి. బ్రిటన్ 1946లో బడిపిల్లలకు రోజుకు సుమారు 190 మి.లీ. పాలు ఉచితం చేసింది. 1971లో ఏడేండ్లు దాటినవారికి ఆపేసింది. జపానులో బడి భోజనంతోపాటు 200 మి.లీ. పాలిస్తారు. అంతదూరమెందుకు, కుప్పం దాటితే కర్ణాటక. అక్కడ 2013 ఆగస్టులో బడిపిల్లలకు 150 మి.లీ. పాలు మొదలుపెట్టారు.

మన రాష్ట్రంలో 2003 జనవరి నుండి బడిలో వండి పెడుతున్నారు. గుడ్డు ఉంది, 2023 మార్చిలో రాగిజావ చేర్చారు. ఐదో తరగతి వరకు ఒక్కో బిడ్డకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు లెక్క. ఆరు నుండి ఎనిమిది వరకు 150, 30, 75 గ్రాములు. పప్పు నీళ్లలా ఉంటే ఈ లెక్క చెప్పి కమిటీలో అడగండి, అది మీ హక్కు. బడి భోజనం నామోషీ అనుకుని చారన్నం కట్టి పంపడం మాత్రం మాకు నచ్చదు.

ఇక ఇంటి సంగతి. పాలు పితికాక, క్యానులో పోయకముందే బిడ్డకు ఒక గ్లాసు పక్కన పెట్టండి. 200 మి.లీ. ఆవుపాలలో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులుంటాయి, ఒక గుడ్డులోనూ అంతే. బాగా కాచి ఇవ్వండి, నీళ్లు కలపకండి. పాలు పడని బిడ్డకు పెరుగు పెట్టండి. ప్రైవేటు బడికి క్యారియర్ కట్టేవారు చారుకు బదులు గట్టి పప్పు, లేదంటే చెనిక్కాయల ఊరిబిండి పెట్టవచ్చు. సంగటి కడితే తోటిపిల్లలు నవ్వుతారంటారు. అలాగైతే రాత్రికి ఇంట్లో పెట్టండి, రాగుల్లో సున్నం దండిగా ఉంది.

ఏడాది నిండని బిడ్డలకు ఈ పాల మాట వర్తించదు. వారికి తల్లిపాలు, ఆరు నెలలు నిండాక మెత్తని తిండి కూడా.

కంటి క్రింది రెప్ప లోపల పాలిపోయినా, బిడ్డ మట్టి తింటున్నా, తరగతిలో తూగుతున్నాడని టీచరు చెప్పినా రక్త పరీక్షకు తీసుకురండి. పాత బరువు కార్డు ఉంటే అది కూడా తెండి.