ఉత్తీర్ణతా శాతం చెప్పనిది

బీదర్ జిల్లాలో కన్నడ, ఉర్దూ, మరాఠీ, ఆంగ్ల మాధ్యమ పాఠశాలలున్నాయి. ఎస్‌ఎస్‌ఎల్‌సీ ఫలితాలు వెలువడగానే వాటిని ఉత్తీర్ణతా శాతంతో పోల్చడం పరిపాటి. పదిమంది పరీక్ష వ్రాసిన బడిలో ఒక్కరు తప్పితే ఫలితం 90 శాతానికి దిగుతుంది. నూరుమంది వ్రాసిన చోట 99 శాతం ఉంటుంది. పైగా ఆ శాతం పరీక్షకు కూర్చున్నవారినే లెక్కిస్తుంది. తొమ్మిదవ తరగతిలో బడి మానిన బాలిక అందులో కనిపించదు.

కనుక తల్లిదండ్రులు పాఠశాల అభివృద్ధి, పర్యవేక్షణ సమితిని మూడు సంగతులు అడగాలి. ఎనిమిదిలో చేరినవారిలో పదికి చేరినవారెందరు? గణిత, విజ్ఞాన శాస్త్రాలకు ఉపాధ్యాయులున్నారా? గత మూడేళ్ల ఫలితాలేమిటి? విద్యార్థుల, ఉపాధ్యాయుల సంఖ్య యూడైస్ ప్లస్ పోర్టల్‌లోనూ లభిస్తుంది. ఈ జవాబులతో ఏ బడిలో కొరత ఉన్నదో తేలుతుంది. ఉపాధ్యాయుణ్ణి ముందుగా అక్కడికే పంపమని కోరవచ్చు.