మెదడు తరంగాలు – సూది వైద్యం

పక్షవాతం సోకినవారికి చేయి పడిపోతే అందరికీ కనిపిస్తుంది. మనుమని పేరు మరచిపోవడం, చిల్లర లెక్కలో తడబడడం మాత్రం ఇంటివారికే తెలుస్తాయి. మెదడులో ఒక భాగానికి రక్తం అందకపోయినా, అక్కడ రక్తనాళం చిట్లినా ఈ స్థితి ఏర్పడవచ్చు.

1924లో జర్మనీలోని యేనా నగరంలో హాన్స్ బెర్గర్ అనే వైద్యుడు మానవుని మెదడులోని విద్యుత్ తరంగాలను తొలిసారిగా నమోదు చేశాడు. 1929లో లోకానికి వెల్లడించాడు. నేటి ఇ.ఇ.జి. పరీక్షకు అదే మూలం. ఆరోగ్యవంతుడు కనులు మూసి విశ్రమించినపుడు సెకనుకు 8 నుండి 13 సార్లు కదలాడే ఆల్ఫా తరంగాలు స్పష్టంగా కనిపిస్తాయి. పక్షవాతంతో దెబ్బతిన్న వైపున సాధారణంగా అవి క్షీణించి, సెకనుకు 4 కంటె తక్కువసార్లు కదిలే డెల్టా తరంగాలు పెరుగుతాయి.

ఇట్టి రోగులకు చైనా వైద్యులు నడినెత్తిన ఉన్న 'బైహుయీ' మొదలైన బిందువుల వద్ద సన్నని సూదులు గుచ్చుతారు. కొన్నాళ్లకు రోగి తేరుకోవచ్చు. అయితే తొలి మాసాలలో మెదడు తనంత తానే కొంత కోలుకుంటుంది కదా! ఆ మేలు సూదిదా, కాలానిదా? ఇది తేల్చడానికే పరిశోధకులు కొందరికి నిజమైన సూదులను, మరికొందరికి గుచ్చినట్లు భ్రమ కలిగించే ఉత్తుత్తి సూదులను వాడి, ఉభయుల తరంగాలను పోల్చి చూస్తారు. తరంగం మారినంత మాత్రాన మనుమని పేరు గుర్తుకు వచ్చిందనలేము గనుక జ్ఞాపకశక్తి పరీక్షలూ జరుపుతారు. కొన్ని చిన్న అధ్యయనాలు ఆశ కలిగించినా, నిస్సందేహమైన ఆధారం ఇంకా లభించలేదు.