తిరిగొచ్చాక వచ్చే జ్వరం
(విజ్ఞాన వ్యాసం)



మన బంటుమిల్లి వైపు దోమలకు కరువు లేదు. పంట కాలువలు, చేపల చెరువులు, వాన పడితే నీళ్లు నిలిచే పల్లపు నేలలు. అయినా దోమ అనగానే మన పెద్దవాళ్లకు ముందు గుర్తొచ్చేది బోదకాలు. ప్రాణం తీసే మలేరియా పేరు ఎక్కువగా వినిపించేది పాడేరు, చింతూరు, రంపచోడవరం వంటి ఏజెన్సీ ప్రాంతాల్లో. మరి మనకెందుకీ పాఠం అంటారా? డీఎస్సీలో పోస్టు వచ్చో, రోడ్డు పనులకో, అరకు చూడటానికో మనవాళ్లు అక్కడికి వెళ్తున్నారు, తిరిగొస్తున్నారు. ఆఫ్రికా దేశాల్లో ఉద్యోగం చేసి సెలవుకు వచ్చేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ ఎనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇంతవరకు బిట్టు ప్రశ్నగా మనకు కంఠస్థమే. అసలు తెలుసుకోవలసింది ఆ తర్వాత ఉంది.

మన రాష్ట్రంలో ముఖ్యంగా కనిపించేవి రెండు రకాలు. వైవాక్స్ మనిషిని కుంగదీస్తుంది గాని ప్రాణం మీదకు తేవడం తక్కువ. ఫాల్సిపేరం అలా కాదు. అది లేత కణం, ముదురు కణం అని చూడకుండా అన్ని ఎర్ర రక్తకణాల్లోనూ దూరుతుంది. ఆ కణాలు సన్నని రక్తనాళాల గోడలకు అంటుకుని మెదడుకు, మూత్రపిండాలకు రక్తం అందకుండా చేస్తాయి. వైద్యం అందకపోతే 24 గంటల్లోనే పరిస్థితి విషమించవచ్చు.

ఏజెన్సీలో పుట్టి పెరిగినవారికి చిన్నప్పటి నుంచి పదే పదే జ్వరం వచ్చి కొంత తట్టుకునే శక్తి ఏర్పడుతుంది. మన డెల్టా మనిషికి అది లేదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఆ శక్తి శాశ్వతం కాదు. ఏజెన్సీ నుంచి వచ్చి మైదానంలో కొన్నేళ్లు చదువుకున్న కుర్రవాడు సెలవులకు సొంత ఊరు వెళ్తే, "నాది ఆ ఊరేగా, నాకేమవుతుంది" అనుకోకూడదు. వాడికీ ముప్పు ఉంది.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఆలస్యం. దోమ కుట్టిన రోజునే జ్వరం రాదు. కనీసం వారం పడుతుంది, ఎక్కువమందికి నెలలోపు వస్తుంది, ఒక్కోసారి మూడు నెలలు కూడా పట్టవచ్చు. అప్పటికి మనం ఇంట్లో ఉంటాం. ప్రయాణం మాట మరిచిపోతాం. టైఫాయిడ్ అనో, వైరల్ జ్వరం అనో రెండు మూడు రోజులు మాత్రలతో గడిపేస్తాం. ఎవరో మిగిల్చిన క్లోరోక్విన్ మింగేవాళ్లూ ఉన్నారు. ఫాల్సిపేరం ఆ మందుకు ఏనాడో లొంగడం మానేసింది.

గర్భిణులు, చిన్నపిల్లలు, వృద్ధులు, ప్లీహం తీసివేసినవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ముందుజాగ్రత్త మాత్రలు మధ్యలో ఆపేసేవారికీ ప్రమాదమే. కొద్ది వారాల మకాముకు డాక్టర్లు తరచు రాసే డాక్సీసైక్లిన్‌ను తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు వాడాలి. ఊరు చేరగానే డబ్బా మూలన పడేయడం మన అలవాటు. ఈ మాత్రను గర్భిణులకు, ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఇవ్వరు కాబట్టి డాక్టరును అడగకుండా కొనవద్దు.

జ్వరం వచ్చిన రోజునే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, "డాక్టరు గారూ, ఇరవై రోజుల కిందట నేను చింతూరులో ఉన్నాను" అని మీరే చెప్పండి. ఆయన అడిగే దాకా ఆగవద్దు. వేలి నుంచి చుక్క రక్తం తీసి చేసే కిట్ పరీక్ష ఫలితం సుమారు 20 నిమిషాల్లో తెలుస్తుంది. ఒకసారి ఏమీ లేదని వచ్చినా జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్లీ చేయించుకోవాలి. మాట తడబడటం, మగత, ఫిట్స్, కళ్లు పచ్చబడటం, ఆయాసం, మూత్రం తగ్గడం లేదా నల్లగా రావడం కనిపిస్తే ఆర్టిసునేట్ ఇంజెక్షన్ ఇవ్వగల పెద్దాసుపత్రికి వెంటనే చేర్చాలి. ఆ మందుకు మూలమైన ఆర్టెమిసినిన్‌ను చైనా మొక్క నుంచి వెలికితీసిన టు యుయుకు 2015లో నోబెల్ వచ్చింది. రాబోయే పరీక్షల్లో ఈ బిట్టు కూడా రావచ్చు.