నీటికి దారి చూపే గోడ

నార్విచ్

చిరంజీవి హారికకు,


ఇప్స్‌విచ్‌లో మీ ఇంటి వెనక మీ అమ్మానాన్నల కోసం ఒక గది వేయాలనీ, దాని గోడలు హెంప్‌క్రీట్‌తో కట్టాలనీ అనుకుంటున్నట్టు రాశావు. చాలా సంతోషం. ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు కాబట్టి ఓపిగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

కాకినాడలో నువ్వు చదివిన సివిల్ ఇంజనీరింగ్ అంతా సిమెంటు, ఉక్కు చుట్టూ తిరిగింది. అక్కడ మొదటి ప్రశ్న బలం గురించి. ఇక్కడ మొదటి ప్రశ్న తడి గురించి. నీరు ఈ గోడలోకి ఎటునుంచి వస్తుంది, ఎటుగా పోతుంది? ఈ ప్రశ్నను పునాది దగ్గర, చూరు దగ్గర, కిటికీ దగ్గర, పాత గోడా కొత్త గోడా కలిసేచోట వేసుకుంటూ పో. మేస్త్రీలు చెప్పే నియమాలన్నీ దానికి జవాబులే. కారణం తెలిస్తే నియమాన్ని బట్టీ పట్టనక్కర్లేదు.

ముందు సరుకు సంగతి. హెంప్ గంజాయి జాతి మొక్కే, కానీ మత్తు పదార్థం దాదాపు లేని రకం. నాలుగు నెలల పంట. ఇంగ్లండ్‌లో 1993 నుంచి దీన్ని లైసెన్సు తీసుకుని పండిస్తున్నారు. కాండం పైన నార, లోపల తేలికైన పుల్ల ఉంటాయి. నార తీశాక మిగిలిన పుల్లను చిన్న ముక్కలు చేస్తారు. ఇక్కడ దాన్ని షివ్ అంటారు, కొనడానికి అనుమతులేవీ అక్కర్లేదు. ఈ ముక్కలకు సున్నపు బైండరు, నీళ్లు కలిపితే హెంప్‌క్రీట్. ఆరిన గోడ బరువు ఘనపు మీటరుకు సుమారు 330 కిలోలు. మామూలు కాంక్రీటు 2,400 కిలోలు. అంత తేలిక గనుకే అది కప్పును మోయలేదు. మోసేది కర్రచట్రం. హెంప్‌క్రీట్ ఆ చట్రాన్ని చుట్టి ఉండి చలినీ చెమ్మనూ చూసుకుంటుంది.

ఈ పద్ధతి పుట్టిందే తడి బాధలోంచి. పాత కర్రచట్రపు ఇళ్లకు మరమ్మతు పేరుతో సిమెంటు పెడితే చెమ్మ బయటికి పోలేక కర్ర కుళ్లిపోయేది. 1986లో ఫ్రాన్స్‌లోని నోజాన్-సుర్-సెన్‌లో అలాంటి పాత ఇంటి గోడలను హెంప్, సున్నంతో బాగుచేశారు. మీ సఫోక్‌లోనే హేవర్‌హిల్‌లో 2001లో రెండు హెంప్ ఇళ్లు, పోల్చి చూడటానికి పక్కనే రెండు ఇటుక ఇళ్లు కట్టారు. ఒక ఆదివారం వెళ్లి చూసిరా. మన దేశంలోనూ ఎల్లోరా గుహల మట్టి, సున్నపు పూతలో హెంప్ ముక్కలు కలిపినట్టు పరిశోధకులు 2016లో వెల్లడించారు. గానుగ సున్నంతో కట్టిన ఇళ్లు చూస్తూ పెరిగిన మనకు ఈ జోడీ అర్థం కావడం కష్టం కాదు.

ఇక నీ గది. ఒక పక్క గోడ పొరుగింటితో కలిసిన సెమీ-డిటాచ్డ్ ఇంటికి వెనకవైపు ఒక అంతస్తు గదిని, మిగతా షరతులకు లోబడి, ప్లానింగ్ అనుమతి లేకుండా 3 మీటర్ల దాకా వేసుకోవచ్చు. అది బయటి కొలత, అసలు ఇంటి వెనక గోడ నుంచి కొత్త గోడ బయటి అంచు దాకా. ఇప్పుడు గోడ మందం లెక్క వేద్దాం. ఇంగ్లండ్ నిబంధనల ప్రకారం ఉన్న ఇంటికి కొత్తగా చేర్చే గోడ యు-విలువ, అంటే గోడ గుండా వేడి బయటికి పోయే రేటు, 0.18 మించకూడదు. దాన్ని తిరగేస్తే ఉష్ణ నిరోధం 5.56 కావాలి. గోడ రెండు ముఖాల దగ్గర గాలి ఇచ్చే 0.17 తీసేస్తే 5.39. హెంప్‌క్రీట్ ఉష్ణ వాహకత 0.07 అనుకుని దానితో గుణిస్తే మందం 377 మిల్లీమీటర్లు. మధ్యలో కర్రలు ఉంటాయి కాబట్టి 400 వేసుకో. 3 మీటర్లలోంచి అది పోతే లోపల మిగిలేది 2.6 మీటర్లు. అమ్మానాన్నల మంచం, నడవడానికి జాగా ఇందులో పడతాయో లేదో గచ్చుమీద సుద్దముక్కతో గీసి చూడు. చాలకపోతే ప్లానింగ్ అనుమతికి దరఖాస్తు పెట్టు, గోడను పలచన చేయకు. బిల్డింగ్ కంట్రోల్ ఆమోదం మాత్రం ఎలాగూ కావాలి. పొరుగింటి పునాదికి 3 మీటర్లలోపు దానికంటే లోతుగా తవ్వితే 1996 నాటి పార్టీ వాల్ చట్టం కింద నెల ముందు వాళ్లకు నోటీసు ఇవ్వాలి. నోటీసు కంటే ముందు నువ్వే వెళ్లి మాట్లాడు.

నీకు ఎక్కువ ఓర్పు కావలసింది పాత ఇల్లూ కొత్త గదీ కలిసేచోట. మీది విక్టోరియా కాలపు ఇటుక ఇల్లు. చెక్క నేల కింద ఖాళీ ఉంటుంది, వెనక గోడ అడుగున చిన్న గాలిరంధ్రాలు ఉంటాయి. కొత్త గది గచ్చు వాటిని మూసేస్తే నేల కింద చెమ్మ నిలిచి దూలాలు కుళ్లుతాయి. గచ్చు వేయకముందే ఆ రంధ్రాలనుంచి గొట్టాలు వేసి కొత్త గోడ బయటికి తీసుకురా. వెనక పెరట్లో మురుగుకాలువ ఎటు పోతోందో కూడా అప్పుడే చూడు, దానిమీద కట్టాలంటే నీటి సంస్థ ఒప్పుకోవాలి. పాత ఇటుకమీద ఎవరైనా సిమెంటు గిలాబు చేసి ఉంటే కలిసేచోట దాన్ని తీయించు. కొత్త పునాది మొదట్లో కొద్దిగా దిగుతుంది, పాతది కదలదు. అందుకని కర్రచట్రాన్ని పాత గోడకు బిగదీసి కట్టకుండా కాస్త కదిలే వీలున్న పట్టీలతో తగిలించాలి. కప్పు పాత గోడను తాకేచోట సీసపు రేకు ఇటుకల వరసలోకి దూరాలి.

గోడ అడుగు నేలకు కనీసం 150 మిల్లీమీటర్లు, వీలైతే ఇంకా పైన ఉండాలి. పీఠం మీద చెమ్మను ఆపే పొర వేసి, దానిపైనే హెంప్‌క్రీట్ మొదలుపెట్టాలి. చూరు బాగా ముందుకు రావాలి. ఇంగ్లండ్ వానకు గాలి తోడవుతుంది, పడమటి గోడను అది ఏటవాలుగా కొడుతుంది.

కలపడం నేర్చుకోవాలంటే చేయి పెట్టాలి. బరువులో షివ్ ఒక పాలు, బైండరు రెండు పాళ్లు, నీళ్లు సుమారు మూడు పాళ్లు. బైండరు కంపెనీ ఇచ్చిన కొలత ఉంటే అదే పాటించు. షివ్‌లో దుమ్ము ఉండకూడదు, ఉంటే సున్నం దాన్ని పట్టుకుంటుంది, ముక్కను పట్టుకోదు. షివ్ తన బరువుకు మూడు రెట్లకు పైగా నీళ్లు తాగుతుంది. అది సున్నానికి కావలసిన నీటినీ లాగేస్తే లోపల పొడి మిగిలిపోతుంది. అందుకే త్వరగా గట్టిపడే గుణమున్న సున్నపు బైండరు వాడతారు. తిరిగే డ్రమ్ము మిక్సరులో ఇది ఉండలు కడుతుంది, అడుగు పళ్లెంలో తెడ్లు తిరిగే మిక్సరు అద్దెకు తీసుకో. కలిపినదాన్ని పిడికిట్లో నొక్కి చూడు. సున్నుండలా నిలవాలి, వేలితో నొక్కితే విడిపోవాలి. చేతిలోంచి నీళ్లు కారితే ఎక్కువైనట్టు.

షట్టరింగ్ పలకల మధ్య జానెడు ఎత్తున వేస్తూ చేత్తో, చిన్న చెక్కతో సర్దు. కర్రల చుట్టూ, మూలల్లో, పలకల అంచుల్లో శ్రద్ధగా నొక్కు, మధ్యలో తేలిగ్గా వదిలేయ్. దిమ్మిసతో కుదించకు. ముక్కల మధ్య ఉన్న గాలే చలిని ఆపుతుంది. ఎక్కువ నొక్కిన గోడ బరువెక్కుతుంది, ఆరదు. పలకలను మర్నాడు తీసేయవచ్చు. చేతికి తొడుగులు, కంటికి అద్దాలు లేకుండా ఎవరినీ దగ్గరికి రానీయకు, తడి సున్నం కన్ను పోగొడుతుంది. కరెంటు గొట్టాలు, బీరువాలూ అలమారలూ తగిలించడానికి అడ్డ కర్రలు ముందే చట్రానికి పెట్టించు. హెంప్‌క్రీట్‌లో మేకు నిలవదు.

ఇప్పుడు ఆరడం సంగతి. నీ గదికి గోడ 15 చదరపు మీటర్లనుకుంటే 6 ఘనపు మీటర్ల హెంప్‌క్రీట్. అందులో 600 కిలోల షివ్, 1,200 కిలోల బైండరు, దాదాపు 2 టన్నుల నీళ్లు కలుస్తాయి. ఆ నీటిలో చాలా భాగం గాల్లోకి పోవాలి. వాతావరణాన్ని బట్టి ఆరు వారాలు పట్టవచ్చు, మూడు నెలలూ పట్టవచ్చు. మంచు పడే రోజుల్లో వేయకూడదు. ఏప్రిల్‌లో మొదలుపెట్టి వేసవి ముగిసేలోగా గోడలు పూర్తిచేయి. కప్పు ముందే వేసి దాని నీడలో పని చేయండి. గాలి ఆడనివ్వు, హీటర్లు పెట్టి తొందరపెట్టకు. తేమను మీటరుతో కొలిచాకే గిలాబు. అమ్మానాన్నల టికెట్లు గోడ ఆరాకే కొను.

గిలాబు బయట సున్నంతో, లోపల సున్నంతో గానీ మట్టితో గానీ. రంగు అంటే సున్నపు వెల్ల లేదా సిలికేట్ రంగు. సిమెంటు, ప్లాస్టిక్ రంగు, పాలిథిన్ పొర ఈ గోడ దగ్గరికి రాకూడదు. వంటగది ఆవిరి, స్నానాల తేమ, మనుషుల ఊపిరిలోని చెమ్మ కొంత ఈ గోడ తీసుకుని మళ్లీ వదులుతుంది. ఒక పక్క మూస్తే ఆ పని ఆగిపోతుంది. మూసిన చోట బూజు మొదలవుతుంది. అయినా వంటగదికి పొగ లాగే ఫ్యాను అక్కర్లేదనుకోకు. గోడకూ కిటికీ చట్రానికీ మధ్య సందులు మాత్రం గట్టిగా పూడ్చాలి. గాలి ఆడాల్సింది కిటికీ తెరిచినప్పుడు, పగుళ్లలోంచి కాదు.

పర్యావరణం గురించి అడిగావు, నిజాయితీగా లెక్క చెబుతాను. ఎండిన మొక్కలో సుమారు సగం కార్బనే. 600 కిలోల షివ్ గాల్లోంచి దాదాపు ఒక టన్ను కార్బన్ డయాక్సైడును తీసుకుని గోడలో దాచి ఉంచుతుంది. మరి సున్నపురాయిని కాల్చినప్పుడు కార్బన్ డయాక్సైడు బయటపడుతుంది. 1,200 కిలోలూ మామూలు సున్నమే అనుకుంటే రాయినుంచి వెలువడేదే 700 కిలోలు, ఇంధనం పొగ అదనం. గోడ ఏళ్ల తరబడి అందులో కొంత తిరిగి పీల్చుకుంటుంది. కాబట్టి లాభం ఉంది, కానీ అది బైండరునుబట్టీ సరుకు వచ్చిన దూరాన్నిబట్టీ మారుతుంది. ఈ గోడ గాలిని శుభ్రం చేస్తుందని ఎవరైనా గొప్పగా చెబితే బైండరు లెక్క అడుగు. అసలైన పొదుపు ఇంకోచోట ఉంది. కర్ర కుళ్లకుండా, బూజు పట్టకుండా ఇల్లు మీ పిల్లల కాలానికీ నిలిస్తే మళ్లీ కూల్చి కట్టే ఖర్చూ పొగా తప్పుతాయి. దానికి పూచీ నీటి దారే.

ఈ చలికాలంలో నువ్వు చేయాల్సిన పని ఇది. గ్యారేజీలో అర మీటరు చదరంగా, 400 మిల్లీమీటర్ల మందంతో ఒక నమూనా గోడ వేయి. అక్కడ ఉష్ణోగ్రత 5 డిగ్రీలకంటే తగ్గకుండా చూసుకో. వారానికోసారి తూచి బరువు రాసిపెట్టు. బరువు తగ్గడం ఎప్పుడు ఆగితే అప్పుడు అది ఆరినట్టు. నీ చేతి తీరు, నీ బైండరు తీరు నీకే తెలుస్తాయి. ఆ తర్వాత గది డ్రాయింగు గీసి, నీరు వచ్చేచోటల్లా నీలం బాణం, పోయేచోటల్లా ఎర్ర బాణం పెట్టి నాకు పంపు. ఎర్ర బాణం లేని నీలం బాణం ఒక్కటి కనిపించినా ఆ చోటు మళ్లీ గీద్దాం. అది సరిపడ్డాకే తవ్వకం మొదలుపెట్టు.

అమ్మకూ నాన్నకూ నా నమస్కారాలు చెప్పు.

శుభాశీస్సులతో,
మావయ్య